లెక్క తప్పని పరాయి గ్రహం: సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లకు అడుగడుగునా మార్గదర్శి

కథ మొదటి పేరాలో ఆకాశంలో ఇద్దరు సూర్యులు, ముగ్గురు చంద్రులు. రెండో పేరాలో హీరో పొద్దున్నే లేస్తాడు, మధ్యాహ్నం భోంచేస్తాడు, రాత్రి కాగానే పడుకుంటాడు. ఇద్దరు సూర్యులున్నా అతని నీడ ఒకటే. ముగ్గురు చంద్రులున్నా సముద్రం మామూలుగానే పొంగుతుంది. పాఠకుడికి ఫిజిక్స్ రాకపోయినా ఎక్కడో తేడా కొడుతుంది. ఆ గ్రహం గోడకు అతికించిన పోస్టర్ అని అతనికి తెలిసిపోతుంది.

నమ్మదగిన గ్రహం కట్టడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. వర్గమూలం కట్టగలిగే కాలిక్యులేటర్, కాస్త ఓపిక చాలు. పాటించాల్సిన నియమం మాత్రం ఒకటుంది. కథకు ఒక్క పెద్ద అబద్ధానికి అనుమతి ఉంటుంది. అది ఏదో ముందే తేల్చుకోవాలి. మిగతా ప్రతి మార్పుకూ దాని పర్యవసానాల బిల్లు కట్టాలి. గురుత్వాకర్షణ పెంచితే ఎముకలకూ కొండలకూ మెట్లకూ ఆ బిల్లు వస్తుంది. ఒక అబద్ధాన్ని కప్పిపుచ్చడానికి వంద అబద్ధాలు ఆడాల్సి వస్తుందంటారు కదా, ఇక్కడ ఒక మార్పును నిలబెట్టడానికి వంద నిజాలు రాయాలి.

మాటల్లో చెబితే గాల్లో ఉంటుంది కాబట్టి ఇక్కడే ఒక గ్రహం కడదాం. దాని పేరు మునిమాపు.

1. ముందు నక్షత్రం

చాలామంది గ్రహంతో మొదలుపెడతారు. నక్షత్రంతో మొదలుపెడితే సగం పని దానంతట అదే అయిపోతుంది.

మన నక్షత్రాల పేర్లు వినసొంపుగా ఉంటాయి కాబట్టి ఆర్ద్ర మీదో అభిజిత్ మీదో కథ పెట్టాలనిపిస్తుంది. ఆ పని చేయకండి. ఆర్ద్ర వయసు సుమారు కోటి ఏళ్లు, ఇప్పటికే చివరి దశలో ఉంది. లుబ్ధకం వయసు 24 కోట్ల ఏళ్ల దగ్గర, అభిజిత్‌ది 45 కోట్ల దగ్గర. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు, అందులో కంటికి కనిపించే జంతువులు వచ్చింది చివరి 60 కోట్ల ఏళ్లలోనే. లుబ్ధకం చుట్టూ నాగరికత ఉందంటే 24 కోట్ల ఏళ్లలో అంతా ఎలా జరిగిందో చెప్పాలి. బరువైన నక్షత్రం ఇంధనాన్ని దుబారా చేస్తుంది, తొందరగా పోతుంది.

మన గెలాక్సీలో పది నక్షత్రాల్లో ఏడింటికి పైగా అరుణ మరుగుజ్జులే. చిన్నవి, మసకవి, పిసినారివి. వాటి ఆయుష్షు ముందు 1,380 కోట్ల ఏళ్ల విశ్వం వయసు చాలా తక్కువ. ఒక్కటీ మన కంటికి కనిపించదు, బైనాక్యులరో టెలిస్కోపో ఉండాల్సిందే. అందుకని మీ పాత్ర భూమ్మీద డాబా ఎక్కి ‘అదిగో, ఆ చుక్క దగ్గరే వాళ్లుండేది’ అని చూపించే సీన్ రాయలేరు. మొదటి బిల్లు ఇదే.

మునిమాపుకు నేను ఎంచుకున్నది గ్లీసా 887. దూరం 10.7 కాంతి సంవత్సరాలు. ద్రవ్యరాశి సూర్యుడిలో దాదాపు సగం, వెలుగు 4 శాతం లోపు, ఉపరితల ఉష్ణోగ్రత దాదాపు 3,700 కెల్విన్. దీని చుట్టూ రెండు గ్రహాలున్నాయని 2020లో ప్రకటించారు. ఒకటి 9.3 రోజులకు, ఇంకొకటి 21.8 రోజులకు ఒక చుట్టు తిరుగుతాయి. దాదాపు 50 రోజుల దగ్గర మూడోదానికి సంకేతం కూడా కనిపించింది. ఇలాంటి అంకెలు నాసా ఎక్సోప్లానెట్ ఆర్కైవ్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు.

దీన్నే ఎంచుకోవడానికి ఇంకో కారణం ఇది శాంతంగా ఉండే నక్షత్రం కావడం. మనకు అతి దగ్గరి ప్రాక్సిమా సెంటారీ అలాంటిది కాదు. 2016లో అది విసిరిన ఒక్క జ్వాలతో కాసేపు మామూలు కంటికి అందేంత వెలిగింది. దాని పక్కన ఊరు కట్టేవాడు ఓజోన్ గురించో, నేలమాళిగల గురించో ముందే ఆలోచించుకోవాలి.

2. దూరం, సంవత్సరం: రెండు వర్గమూలాలు

భూమికి అందినంత వెలుగే అందాలంటే గ్రహం ఎంత దూరంలో ఉండాలి? నక్షత్రం వెలుగుకు వర్గమూలం కట్టండి. సూర్యుడి వెలుగు 1 అయితే మన నక్షత్రానిది గుండు అంకెగా 0.04. వర్గమూలం 0.2. అంటే భూమి-సూర్యుల మధ్య దూరంలో ఐదో వంతు.

సంవత్సరానికి కెప్లర్ సూత్రం. దూరాన్ని ఘనం చేసి, నక్షత్రం ద్రవ్యరాశితో భాగించి, వర్గమూలం కట్టాలి. 0.2 ఘనం 0.008, 0.5తో భాగిస్తే 0.016, వర్గమూలం 0.126. అంటే మన ఏడాదిలో అంత వంతు, 46 రోజులు. మునిమాపు మీద పుట్టిన పాపకు మన లెక్కన ఏడాది నిండేలోపు ఎనిమిదో పుట్టినరోజు దగ్గరపడుతుంది.

ఒక్క దూరమే కాకుండా నీరు నిలిచే మండలం మొత్తం కావాలంటే రవికుమార్ కొప్పరపు బృందం 2013లో ఇచ్చిన లెక్కలు చూడండి. ఇంటిపేరు వినగానే మనవాళ్లకు కొప్పరపు కవులు గుర్తొస్తారు గానీ ఈయన నాసాలో గ్రహ శాస్త్రవేత్త. ఆ లెక్కల ప్రకారం సూర్యుడికి ఈ మండలం 0.99 నుంచి సుమారు 1.7 యూనిట్ల దాకా, భూమి-సూర్యుల దూరం ఒక యూనిట్. భూమి లోపలి అంచుకు ఎంత దగ్గరగా ఉందో చూడండి.

ఇక్కడ చాలా కథలు జారిపడే చోటు ఒకటుంది. ఈ మండలం బయటి అంచున నీరు గడ్డకట్టకుండా ఉండాలంటే గాలి నిండా కార్బన్ డయాక్సైడ్ ఉండాలి, అదీ భూమి వాతావరణ పీడనానికి ఎన్నో రెట్ల పీడనంతో. అక్కడ నది పారుతుంది, ఒడ్డున దిగిన మనిషి హెల్మెట్ తీస్తే చచ్చిపోతాడు. ‘ఆవాసయోగ్యం’ అనే మాటకు శాస్త్రవేత్తల అర్థం నీరు ద్రవంగా ఉండగలగడం, అంతే.

3. బరువు

మునిమాపు ద్రవ్యరాశి భూమికి రెట్టింపు అనుకుందాం. రాతి గ్రహానికి ద్రవ్యరాశి రెండింతలైతే వ్యాసార్థం 1.2 రెట్లే అవుతుంది, లోపలి రాయి నొక్కుకుపోతుంది కాబట్టి. గురుత్వాకర్షణ కావాలంటే ద్రవ్యరాశిని వ్యాసార్థం వర్గంతో భాగించండి: 2 ÷ 1.44 = 1.39. ఇక్కడ 70 కిలోలు తూగే మనిషి అక్కడ 97 కిలోలు తూగుతాడు. నడవగలడు, మెట్లెక్కితే రొప్పుతాడు, వయసైనవాళ్ల మోకాళ్లు మొరాయిస్తాయి.

గ్రహాన్ని ఇంకా పెంచాలనిపిస్తే 1.6 రెట్ల వ్యాసార్థం దగ్గర ఆగండి. అది దాటినవాటిలో చాలావరకు రాతి గ్రహాలు కావు, దట్టమైన వాయువులో నీటిలో మునిగినవి. నిలబడటానికి నేల దొరకదు.

బరువు బిల్లులో పైకి కనిపించనివి కొన్నుంటాయి. కొండలు పొట్టిబడతాయి. అంగారకుడి మీద గురుత్వాకర్షణ మనలో 38 శాతమే, అందుకే అక్కడ ఒలింపస్ మాన్స్ దాదాపు 22 కిలోమీటర్లు లేచింది. మునిమాపు మీద ఎవరెస్ట్ లాంటిది ఆరున్నర కిలోమీటర్లకు మించడం కష్టం. గాలి కిందికే అణిగి ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ మనకంటే తొందరగా పలచబడుతుంది. గ్రహం వదిలి వెళ్లడానికి సెకనుకు 14.4 కిలోమీటర్ల వేగం కావాలి, భూమికైతే 11.2 చాలు. రాకెట్లకు ఈ తేడా చిన్నది కాదు. అక్కడ పుట్టిన జాతి మనకంటే చాలా ఆలస్యంగా అంతరిక్షంలోకి వెళ్తుంది, అసలు వెళ్లకపోనూవచ్చు.

4. పగలు, రాత్రి

ఈ గ్రహం రుచి అంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

నక్షత్రానికి ఇంత దగ్గరగా ఉంటే దాని ఆకర్షణ గ్రహం భ్రమణాన్ని తగ్గించి తగ్గించి చివరికి ఒకే ముఖం తనవైపు తిప్పుకుంటుంది. చంద్రుడు మనకు ఒకే ముఖం చూపించేది ఇందుకే. దీన్ని టైడల్ లాకింగ్ అంటారు. ఒకవైపు శాశ్వతంగా పగలు, ఇంకోవైపు శాశ్వతంగా రాత్రి.

అయితే అన్నిసార్లూ ఇలాగే జరగాలని లేదు. బుధుడు సూర్యుడి చుట్టూ రెండుసార్లు తిరిగేలోపు తన చుట్టూ తాను మూడుసార్లు తిరుగుతాడు. అక్కడ ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయానికి 176 రోజులు. మీకు పగలు-రాత్రి కావాలంటే ఈ దారి ఉంది. నేను మాత్రం ఒకే ముఖం దారిలోనే వెళ్తాను.

అలాంటి గ్రహంలో చీకటివైపు గాలి కూడా గడ్డకట్టి నేలమీద పడిపోతుందని ఒకప్పుడు అనుకునేవారు. 1997లో వచ్చిన ఒక అధ్యయనం ఆ భయం పోగొట్టింది. మన గాలి పీడనంలో పదో వంతు కార్బన్ డయాక్సైడ్ ఉన్నా చాలు, వెలుగువైపు వేడిని చీకటివైపుకు మోసుకెళ్తుంది. 2013లో ఇంకో సంగతి తేలింది: సూర్యుడు నడినెత్తిన ఉండే చోట నీరు ఆవిరై పైకి లేచి దట్టమైన మేఘం కడుతుంది, అది వెలుగును వెనక్కి కొట్టి గ్రహాన్ని చల్లబరుస్తుంది. చాలామంది ఊహించే మండుటెండ ఎడారికి ఇది పూర్తిగా విరుద్ధం. ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమే అయిన ఊళ్లో జనం సూర్యుణ్ణి దాదాపు చూడరు, వాళ్లకు తెలిసింది ముసురే.

గాలి దారి కూడా దీన్నిబట్టే. వేడి గాలి వెలుగువైపు లేచి పైనుంచి చీకటివైపుకు వెళ్తుంది, నేల దగ్గర చీకటివైపు నుంచి చలిగాలి వీస్తుంది. చీకటివైపు పేరుకున్న మంచు హిమనదాలుగా జారుతూ సరిహద్దులో కరుగుతుంది. కాబట్టి మంచినీళ్లు, ఓ మోస్తరు వెచ్చదనం రెండూ దొరికేది ఆ సంధ్యారేఖ దగ్గరే. ఊళ్లు అక్కడే కడతారు. ఇళ్లకు చీకటివైపు గోడలు మందంగా ఉంటాయి, ఆవైపు కిటికీలు పెట్టరు. తూర్పు ముఖం ఇల్లు కావాలనే వాస్తు పండితుడికి అక్కడ చేతినిండా కొత్త పని.

ఇప్పుడు గ్రహం కక్ష్యను కొద్దిగా సాగదీద్దాం. పూర్తి వృత్తం కాకుండా కక్ష్య వికేంద్రత (వృత్తం నుంచి ఎంత సాగిందో చెప్పే అంకె) 0.05 ఉందనుకోండి. అప్పుడు ఆకాశంలో సూర్యుడు కదలకుండా ఉండడు, 46 రోజులకోసారి అటూ ఇటూ 5.7 డిగ్రీలు ఊగుతాడు. మునిమాపు చుట్టుకొలత 48,000 కిలోమీటర్లు కాబట్టి, ఆ ఊపు వల్ల భూమధ్యరేఖ దగ్గర సుమారు 1,500 కిలోమీటర్ల వెడల్పు పట్టీలో సూర్యుడు ఉదయించి అస్తమిస్తాడు. పట్టీ మధ్యలో ఉన్న ఊళ్లో 23 రోజులు పగలు, 23 రోజులు రాత్రి. ఆ పగలు కూడా సూర్యుడు దిగంతానికి బెత్తెడు పైకి లేచి, మళ్లీ అక్కడే దిగిపోతాడు.

దీని బిల్లు? కక్ష్య ఆకారం కాలక్రమంలో గుండ్రబడిపోతుంది, అలా కాకుండా పక్క గ్రహం లాగుతూ ఉండాలి. 21.8 రోజుల గ్రహం ఎలాగూ ఉంది, 46కు అది దాదాపు సగం. గురుగ్రహం ఉపగ్రహాల్లో అయోను యూరోపా ఇలాగే లాగుతుంది, ఆ నలుగుడుకు అయో లోపల వేడెక్కి అగ్నిపర్వతాలు ఎగజిమ్ముతుంటాయి. మునిమాపుకు కూడా కొంత ఆ వేడి తగులుతుంది. వేడినీటి బుగ్గలు, అప్పుడప్పుడు భూకంపాలు రాయండి. ఈ బిల్లు కట్టడం నాకైతే సంతోషమే, చలి ఊళ్లో వేడినీటి బుగ్గ ఉందంటే దాని చుట్టూ సగం కథ పుడుతుంది.

చంద్రుణ్ణి మాత్రం వదులుకోండి. నక్షత్రానికి ఇంత దగ్గరలో ఇంత నెమ్మదిగా తిరిగే గ్రహం దగ్గర పెద్ద ఉపగ్రహం నిలవదు, క్రమంగా గ్రహంవైపు దిగజారుతుంది. పున్నమి లేదు, అమావాస్య లేదు. తిథులు లేవు కాబట్టి పండగలను వేరే దేనికో ముడిపెట్టాలి.

5. గాలి

అంతరిక్ష నౌక దిగుతుంది, ఎవరో పరికరం చూసి ‘ఆక్సిజన్ 21 శాతం’ అంటారు, అందరూ హెల్మెట్లు తీసేస్తారు. ఈ సీన్ చూసి చూసి విసుగొచ్చింది.

ఆక్సిజన్ దేనితోనైనా కలిసిపోయే రకం. గాల్లో ఇంత మిగలాలంటే ఎవరో నిరంతరం తయారు చేస్తుండాలి. భూమ్మీద ఆ పని సూక్ష్మజీవులు మొదలుపెట్టాయి. గాల్లో ఆక్సిజన్ చెప్పుకోదగ్గంత చేరింది సుమారు 240 కోట్ల ఏళ్ల కింద. ఆ తర్వాత కూడా అది చాలాకాలం తక్కువే, అంటే భూమి చరిత్రలో సగానికి పైగా కాలం భూమ్మీద దిగినా మనం ఊపిరాడక పోయేవాళ్లమే. అందుకే ‘జీవం లేని గ్రహం, పీల్చదగిన గాలి’ అని రాస్తే కారణం చెప్పాలి. ఒక కారణం ఉంది కూడా: అరుణ మరుగుజ్జులు పసితనంలో కోట్ల ఏళ్లపాటు చాలా ప్రకాశంగా ఉంటాయి, ఆ అతినీలలోహిత కిరణాలు నీటిని విడగొడితే హైడ్రోజన్ ఎగిరిపోయి ఆక్సిజన్ మిగలొచ్చు. కానీ అప్పుడు సముద్రం ఎండిపోతుంది. మునిమాపుకు సముద్రం కావాలి కాబట్టి ఆ గ్రహం నక్షత్రానికి దూరంగా, మంచు ఎక్కువున్న చోట పుట్టి తర్వాత లోపలికి జరిగిందని రాసుకుంటున్నాను.

ఆక్సిజన్ 16 శాతం కంటే తగ్గితే నిప్పు సరిగా అంటుకోదు. నిప్పు లేకపోతే వంట లేదు, లోహం లేదు. 35 శాతం దాటితే అడవులు తడిగా ఉన్నా ఆరని కార్చిచ్చులు. మీ గ్రహవాసులు కంచు చెంబులో నీళ్లు తాగుతున్నారంటే వాళ్ల గాలి ఈ రెండు అంకెల మధ్యే ఉండాలి.

6. చెట్లు, జంతువులు, తిండి

3,700 కెల్విన్ అనగానే రక్తం రంగు ఆకాశం రాసేస్తారు. పాత ఫిలమెంట్ బల్బు తీగ 2,700 దగ్గర ఉంటుంది, దాని వెలుగు మనకు పసుపుపచ్చగా కనిపిస్తుంది. గ్లీసా 887 దానికంటే వేడి. నడినెత్తిన ఉంటే వెచ్చటి తెల్లటి వెలుగు, ఆకాశం నీలం కాస్త పలచన. సంధ్యారేఖ దగ్గర మాత్రం వెలుగు దట్టమైన గాలిలోంచి ఏటవాలుగా రావాలి కాబట్టి నిజంగానే ఎర్రబడుతుంది. సూర్యబింబం మనకు కనిపించేదానికి దాదాపు రెండున్నర రెట్ల వెడల్పు.

వెలుగులో ఎక్కువ భాగం పరారుణం కాబట్టి అక్కడి మొక్కలు దొరికిందంతా పీల్చుకునేలా నల్లగా ఉండొచ్చని నాసాలో నాన్సీ కియాంగ్ వంటివాళ్లు సూచించారు. దానికంటే నాకు నచ్చేది నీడ సంగతి. సూర్యుడు ఎప్పుడూ ఒకేవైపు ఉంటాడు కాబట్టి బండ వెనక నీడ వేల ఏళ్లపాటు అక్కడే ఉంటుంది. ఆ నీడలో ఆకులుండవు, బూజులాంటివి మాత్రమే బతుకుతాయి. ఆకులన్నీ ఒకే దిక్కుకు తిరిగి నిలువు పలకల్లా ఉంటాయి. పొలాల హద్దు తగాదాలు నేల గురించి రావు, ఎవరి గోడ ఎవరి పైరుకు నీడ వేసిందని వస్తాయి.

జంతువులకు గెలీలియో 1638లోనే లెక్క చెప్పాడు. శరీరం రెండింతలు పొడవైతే బరువు ఎనిమిదింతలు, ఎముక అడ్డుకోత నాలుగింతలే. 1.39 రెట్ల గురుత్వాకర్షణలో ఈ ఇబ్బంది ఇంకా తొందరగా మొదలవుతుంది. పొట్టి, బలిసిన కాళ్లు. జిరాఫీలు వద్దు.

సిలికాన్ ప్రాణుల మీద మోజున్నవాళ్లకు ఒక మాట. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ వాయువు. సిలికాన్ డయాక్సైడ్ అంటే ఇసుక. ఆ ప్రాణి ఊపిరి వదిలితే ఇసుక రాలాలి.

మనుషులు అక్కడి పండు తినొచ్చా? మన ప్రోటీన్లన్నీ ఎడమచేతి వాటం అమైనో ఆమ్లాలతో కట్టినవి. అక్కడి జీవం కుడిచేతి వాటమైతే కడుపు నిండుతుంది, బలం పట్టదు. ఇదే కారణంగా అక్కడి వైరస్ మనల్ని పట్టుకోవడం కూడా దాదాపు కుదరదు. ‘గ్రహాంతర మహమ్మారి’ కథలు రాసేవాళ్లు ఈ అడ్డంకిని ముందు దాటాలి.

7. లెక్కను వాక్యంలో దాచడం

ఇప్పటిదాకా కట్టిన అంకెలు మీ నోట్‌బుక్‌లోనే ఉండాలి. కథలోకి వాటి ఫలితమే రావాలి. ‘మునిమాపు గురుత్వాకర్షణ భూమికి 1.39 రెట్లు’ అని రాస్తే పాఠ్యపుస్తకం. బల్లమీంచి జారిన గ్లాసు మనకు 0.39 సెకన్లలో నేల తాకుతుంది, అక్కడ 0.33లోనే. కొత్తగా వచ్చినవాడి చెయ్యి ప్రతిసారీ గ్లాసు కంటే ఆలస్యంగా వెళ్తుంది. అదే రాయండి.

సంధ్యారేఖ దగ్గర ఊళ్లో మన తెలుగువాళ్లే స్థిరపడ్డారనుకుందాం. సూర్యుడు 5 డిగ్రీల ఎత్తులో ఉంటే నేలమీద పరిచిన గుడ్డకు నిట్టనిలువు ఎండలో 9 శాతమే అందుతుంది. వడియాలు ఎలా ఆరాలి?

*గుడ్డమీద వడియాలు గట్టిపడ్డాక దండెం మీదికి ఎక్కించి పది నిద్రలైంది. ‘ఇంకా మెత్తగానే ఉన్నాయి పిన్నీ’ అంది పద్మ, వేలితో నొక్కి చూసి.*

*‘ఎండకు ఎదురుగా కట్టావా?’*

*‘మరి?’*

*‘ఎండేం చేస్తుందే ఇక్కడ. చీకటిగాలికి ఎదురుగా తిప్పు, రెండు నిద్రల్లో గలగలలాడతాయి.’*

సూర్యుడి ఎత్తు, గాలి దిశ, మంచు మీంచి వచ్చే గాలిలో తేమ లేకపోవడం, రోజులకు బదులు నిద్రలతో కాలం లెక్కపెట్టడం అన్నీ ఇందులో ఉన్నాయి. అంకెలు మాత్రం పది, రెండు, అంతే. ఇలా వంట, బట్ట, తగాదా, పండగ ఈ నాలుగింటి గుండా మీ గ్రహాన్ని ఒక్కోసారి నడిపించండి. ఎక్కడా ఏమీ మారకపోతే ఆ గ్రహం కథకు అవసరం లేదు, గుంటూరులో పెట్టి రాసుకోవచ్చు.

8. ఆకాశం నుంచి ఇంటికి

23 రోజుల రాత్రిలో చుక్కలు కనిపిస్తాయి. పది కాంతి సంవత్సరాలు జరిగినంత మాత్రాన సప్తర్షి మండలం రూపు పెద్దగా చెదరదు, ఆ నక్షత్రాల్లో చాలావరకు ఎనభై కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. గ్లీసా 887 మనకు దక్షిణ ఆకాశంలో ఉంది కాబట్టి అక్కడినుంచి చూస్తే మన సూర్యుడు సరిగ్గా ఎదురు దిక్కున, సప్తర్షుల కింద కనిపిస్తాడు. ధ్రువ నక్షత్రం నుంచి క్రతువు, పులహుల మీదుగా గీత గీసి అలాగే ముందుకు పోతే తగులుతాడు. ప్రకాశ తరగతి 2.4 (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత వెలుగు), అంటే పులహుడంతే. ఏ నక్షత్రాన్ని ఎంచుకున్నా ఆకాశంలో దాని చోటు చెప్పే అంకెలను (నిరూపకాలను) ఎదురు దిక్కుకు తిరగేస్తే ఈ చోటు దొరుకుతుంది, రెండు నిమిషాల పని.

9. సైన్స్ మారితే?

మారుతుంది. బుధుడు ఒకే ముఖం సూర్యుడికి చూపిస్తాడని 1965 దాకా నమ్మారు, ప్యూర్టోరికోలోని అరెసిబో రాడార్ ఆ నమ్మకాన్ని తీసేసింది, ఆ నమ్మకం మీద కట్టిన కథలు పాతబడ్డాయి. ట్రాపిస్ట్-1 అనే అరుణ మరుగుజ్జు చుట్టూ ఉన్న ఏడు గ్రహాల గురించి 2017లో ఎంతో ఊహించారు. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చూస్తే వాటిలో అన్నిటికంటే లోపలిదానికి గాలి ఉన్న జాడే లేదు. కె2-18బి అనే గ్రహం మీద జీవ సంకేతం ఉందంటూ 2025లో వచ్చిన వాదన ఇంకా తగాదాలోనే ఉంది, దానిమీద నవల కట్టాలంటే నేనైతే ఆగుతాను.

గ్లీసా 887కూ ఈ చిక్కు ఉంది. 50 రోజుల సంకేతం నిజమైన గ్రహమే అయితే పక్కనే 46 రోజుల మునిమాపు ఇమడదు, రెండూ ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. దాన్ని తీసేసి నా గ్రహాన్ని పెట్టుకున్నాను, అదే ఈ కథలో నాకున్న ఒక్క అబద్ధం. అది గ్రహానికే ఖర్చయిపోయింది కాబట్టి మనుషుల్ని అక్కడికి చేర్చే అంతరిక్ష ఓడకు మిగల్లేదు. కాంతిని మించిన వేగం లేదు. కాంతి వేగంలో పదో వంతుతో వెళ్తే 107 ఏళ్లు పడుతుంది, దిగినవాళ్లలో భూమిని చూసినవాళ్లెవరూ ఉండరు. ఓడ గిర్రున తిరుగుతూ భూమి బరువే ఇచ్చి ఉండాలి, లేకపోతే గ్లాసు పట్టుకోబోయే చెయ్యి ఆలస్యమవదు. ఇక ఎండ అంటే ఏమిటో తెలియకుండా ఓడలో పుట్టి పెరిగిన పద్మకు గుడ్డ ఎండకు ఎదురుగా కట్టాలని ఎవరు నేర్పారో రాసేవాళ్లే తేల్చుకోవాలి.